బిరడా బాబాయి నీళ్ళపీపా

ఆ వీధిలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవారు లేరు. చిన్నలకూ పెద్దలకూ అతడు బిరడా బాబాయి. మూత లేని వస్తువు కంటబడితే అతని ప్రాణం ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా ముందు నూనెసీసాకు బిరడా బిగించి, నీళ్ళబిందె మీద పళ్ళెం సరిగా సర్ది, ఆ తరువాతనే పీట మీద కూర్చుని కుశలమడుగుతాడు. ఏభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఆ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఎదురింటి ఇస్త్రీ ఇల్లాలు బొగ్గులపెట్టెను చొక్కా మీద నడిపిస్తూనే, "ఎవర్తి చేసుకుంటుందమ్మా ఈయన్ని? నోరు తెరిచిందంటే దానికీ మూత బిగిస్తాడు!" అని వీధి వీధంతా వినేటట్టు అనేది. బాబాయి నవ్వేవాడు. నవ్వుతూనే ఆమె గంజిగిన్నె మీద మూత జరిపి వెళ్ళేవాడు.

ఈ గుణం పుట్టుకతో వచ్చినది కాదు, వృత్తితో వచ్చినది. బాబాయి వెండి తీసేవాడు. గనిలోనుంచి కాదు, మురికినీళ్ళలోనుంచి. ఎక్స్‌రే గదుల్లోనూ ఫోటో స్టూడియోల్లోనూ ఫిల్ములు కడిగిన హైపో నీళ్ళలో, కంటికి కనబడకుండా, వెండి కరిగి ఉంటుంది. ఆ నీళ్ళను డబ్బాలకెత్తి తెచ్చుకుని, ఇనుప పీచు కూరిన పీపాలగుండా సన్నని ధారగా పోనిస్తే, ఇనుము తాను కరిగి నీళ్ళలో కలిసిపోతూ, తన స్థానంలో వెండిని కూర్చోబెడుతుంది. వెండి నల్లని మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని కడిగి, ఆరబెట్టి, మూసలో కరిగిస్తే చివరకు అరచేతిలో ఇమిడేటంత తెల్లని బిళ్ళ మిగులుతుంది.

పడుచుతనంలో ఈ విద్య నేర్పిన మేస్త్రి అతనికి మొదటినాడు చెప్పినది ఒక్కటే. "గాలి మన పగవాడురా. పీపాలోకి గాలి దూరిందా, పీచు వెండిని పట్టడం మానేసి ఊరికే తుప్పు పట్టిపోతుంది. అందుకని మూత బిగించు, బిరడా బిగించు, ఆ తరువాత నీ నోరు బిగించు." ఎక్కడ ఎంత వెండి దొరుకుతున్నదో పదిమందికి తెలియరాదని ఆ మూడవ మాటకు అర్థం. బాబాయి ఆ మూడింటినీ ముప్ఫయ్యేళ్ళకు పైగా తు.చ. తప్పకుండా పాటించాడు.

ఆ పనిలో వెండి వెళ్ళిపోగా మిగిలేది తుప్పు. మెత్తని, ఎర్రని, బురదవంటి తుప్పు. ఎవరికీ అక్కరలేనిది, పారబోయడానికి చోటు లేనిది. దాన్ని గోనెసంచుల్లోకెత్తి పెరటిగోడ వార పేర్చేవాడు. ఎక్స్‌రే గదుల్లోకి కంప్యూటర్లు ప్రవేశించి, హైపో నీళ్ళు నానాటికీ కరవై, పీపాలు ఒక్కొక్కటే ఖాళీ అయిపోతున్న రోజులలో కూడ ఆ సంచులు మాత్రం గోడ ఎత్తున అట్లాగే ఉండిపోయినవి.

అక్క తల్లితో సమానమనడం లోకంలో వాడుక. బాబాయి విషయంలో అది వట్టి వాడుకమాట కాదు. తల్లి పోయిననాటికి అతనికి ఊహ తెలియదు. అక్కకే పన్నెండో పదమూడో ఏళ్ళు. రెడీమేడ్ దుకాణంవారి చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు తగిలించి ఆమె తమ్ముణ్ణి పెంచింది. తరువాత ఆమెకు పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, భర్త పోయాడు. తిరిగి తమ్ముడి ఇంటికే వచ్చి, వెలుతురు బాగా పడే వీధివైపు గదిలో కిటికీ పక్కన చాప పరుచుకుని మళ్ళీ ఆ పనికే కూర్చున్నది. వీధిలో ఆమె గుండీలత్త. మిషను కాజాలు వచ్చిన తరువాత కూడ, ఖరీదైన చొక్కాలకు ఆమె చేతికాజాలే కావాలని దుకాణంవారు మూటలు పంపేవారు. కాజా అంచున దారం ముడి మీద ముడిగా, చీమలబారు నడిచినట్టు, వంకర లేకుండా తిరిగి వచ్చేది. తన బ్రతుకులో తనది అనదగినది ఆ పనితనం ఒక్కటే అని ఆమె ఎన్నడూ అనలేదు; బాబాయికి మాత్రం తెలుసు.

కొన్నేళ్ళుగా ఆమె అరచేతుల్లో ఆవగింజలవంటి గట్టి పలుకులు లేస్తూ వచ్చాయి. చర్మం పొడిబారినదని నూనె రాసుకునేది. కుడిచేతి మధ్యవేలి కొసన పుండుపడి ఎంతకూ మానకపోయేసరికి బాబాయి ఆమెను బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ చేతులు రెండూ వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మందుల సంగతి ఎత్తకుండా, "మీరు తాగే నీళ్ళెక్కడివండీ?" అని అడిగింది.

"మా వీధి చివర చేతిపంపువేనమ్మా. చన్నీళ్ళు, తియ్యగా ఉంటాయి," అంది అక్క, తన పంపును మెచ్చుకుంటూ.

"ఆ నీళ్ళలో పాషాణం, అదే ఆర్సెనిక్, ఉంటుందని నా అనుమానం. రంగుండదు, రుచుండదు. నీళ్ళు మార్చండి. మారిస్తే ఈ చేతులు మెత్తబడతాయి, పుండూ మానుతుంది. మార్చకపోతే మటుకు ఆ వేలు తీసెయ్యాల్సొస్తుంది. ఆపైన చెయ్యి సంగతి నేనిప్పుడే చెప్పలేను."

అక్క ఆ వేలిని పమిటచెంగులో దాచుకున్నది. సూదిని వెనకనుంచి నెట్టేది ఆ వేలే.

డాక్టరమ్మ అనుమానం నిజమే అయింది. నీటి పరీక్షాఫీసునుంచి ఒకాయన పెట్టె పట్టుకుని వచ్చి, పంపునీరు సీసాలో పట్టి, దాని మూతికి తెల్లకాగితపు ముక్క తగిలించి చూశాడు. కాగితం గోధుమరంగుకు తిరిగింది. ఆయన పంపుపిడికి ఎర్రరంగు పూయించి, "దీంతో గిన్నెలు తోముకోండి, బట్టలుతుక్కోండి. నోట్లో మాత్రం పోసుకోకండి," అన్నాడు.

"మరి నోట్లో ఏం పోసుకోవాలి నాయనా, నీ ఎర్రరంగా?" అని అడిగింది ఇస్త్రీ ఇల్లాలు.

 కుళాయిగొట్టాలు వేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకూ తెలియదు. నీళ్ళబండి వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. వంతెన అవతలి కుళాయి దగ్గర తెల్లవారకముందే బారు తీరుతుంది. ఆయన పెట్టె సర్దుకుంటూ, మాట తోచక, "కొన్నిచోట్ల ఇనపముక్కలు వేసి వడకడుతున్నారు. తుప్పుంది చూశారూ, అది పాషాణాన్ని పట్టేసుకుంటుంది," అన్నాడు.

బాబాయికి ఆ మాట చెవినపడి లోపల ఎక్కడో గట్టిగా నాటుకున్నది. పెరటిగోడ వార ఇన్నేళ్ళుగా ఎవరికీ అక్కరలేకుండా పడి ఉన్నది ఏమిటి?

అతడు సంచులు విప్పాడు. తుప్పును నీళ్ళు మార్చి మార్చి, హైపో వాసన ముక్కుకు తగలనంతవరకు కడిగాడు. ఖాళీగా ఉన్న వెండిపీపా ఒకటి తెచ్చి తోమి, అడుగున గులకరాళ్ళు, ఆపైన ఇసుక, ఆపైన తుప్పు, మళ్ళీ ఇసుక పరిచి, కింద చిన్న కుళాయి బిగించాడు. పైన పోసిన పంపునీరు కింద తేటగా దిగినది. ఆ నీటిని తానే సీసాకెత్తుకుని పరీక్షాఫీసుకు వెళ్ళాడు. ఈసారి కాగితం రంగు తిరగలేదు. పరీక్షాయన కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టి, నమ్మలేక మరొకటి తగిలించి చూసి, "భలేవారండీ! ఎక్కడ దొరికింది మీకీ సరుకు?" అన్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు గుమ్మందాకా వెంటవచ్చి, "ఒక్కమాట. అందులో నీళ్ళు నిలవ ఉండనివ్వకండి. రోజూ పారుతుండాలి," అని చెప్పాడు.

"అలాగేనండీ," అన్నాడు బాబాయి. నిలవనీటిలో దోమలు గుడ్లు పెడతాయని ఎవరికి తెలియదు? ఇంటికి వస్తూనే, అంతవరకు పీపా మీద ఉన్న చెక్కపలకను తీసివేసి, వెండిపీపాలకు వాడే ఇనుపమూత తెచ్చి, అంచున రబ్బరుపట్టా వేసి, చుట్టూ కట్టు బిగించాడు. నీళ్ళు పోయడానికి మూతలో చిన్న రంధ్రం చేసి దానికి బిరడా అమర్చాడు. దోమ కాదు గదా, చీమ కూడ దూరే సందు లేదు. చూసుకుని తృప్తిపడ్డాడు.

ఆ వేసవి గడిచేసరికి అక్క చేతులు మెత్తబడ్డాయి. పుండు చుట్టూ కొత్త చర్మం కమ్ముకుంటూ వచ్చింది. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే లోహపు టోపీని ఆమె మళ్ళీ మధ్యవేలికి తొడుక్కుని కిటికీ పక్కన కూర్చున్ననాడు ఇస్త్రీ ఇల్లాలు వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చూసి, "బాబాయ్, మాకూ ఒక పీపా పెట్టకపోతే ఈ వాకిలి కదలను," అని గుమ్మంలో బైఠాయించింది. ఆమెకు పెట్టాడు. ఆమె పక్కింటివారికి పెట్టాడు. ఖాళీ అయిన వెండిపీపాలన్నీ ఒకదాని తరువాత ఒకటి వీధిలోని వంటిళ్ళకు చేరాయి. ప్రతి మూతకూ తానే రబ్బరుపట్టా కోసి, తానే కట్టు బిగించి, "మూత తియ్యొద్దు. నీళ్ళు పొయ్యగానే బిరడా పెట్టెయ్యండి," అని ఇంటింటా చెప్పాడు. వెండి పని పోయిందని దిగులుపడుతున్న మనిషికి మళ్ళీ వీధిలో ఒక విలువ వచ్చింది. అక్కను కాపాడుకున్నానన్న గర్వం పైకి చెప్పకపోయినా నడకలో కనబడేది.

తరువాత వానలు పట్టుకున్నాయి. ఆ ఏడు వాన ఎడతెగలేదు. చూరునుంచి పడే నీళ్ళే అందరి బిందెలకూ చాలినవి. పీపాల జోలికి ఎవరూ పోలేదు. బాబాయి మాత్రం ప్రతి ఇంటికీ వెళ్ళి, లోపల నీరు అట్లాగే నిండుగా ఉంచి, కట్టు మరొక చుట్టు బిగించి, రంధ్రపు బిరడా మీద మైనం కూడ కరిగించి పోశాడు. మడ్డిపీపాను నెలల తరబడి నిలవచేయవలసి వచ్చినప్పుడు వెండి తీసేవారు చేసే పని అది. చీకటి మూలల్లో, ముద్రవేసిన మూతల కింద, ఆ పీపాలు వానాకాలమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాయి.

వానలు వెనుకబట్టిన తరువాత మైనం గీకి మళ్ళీ నీళ్ళు పట్టారు. మొదటి బిందె పారబోయమని బాబాయే చెప్పాడు, అందరూ పారబోశారు. ఆ తరువాత వచ్చినది అద్దంలాంటి నీరు. అక్క గ్లాసు ఎత్తి చూసి, "మునుపటికంటే తేటగా ఉన్నాయిరా," అన్నది.

తేటగానే ఉన్నాయి, పట్టినప్పుడు. బిందెలో ఒక పూట నిలిచేసరికి నీరు లేతపసుపుకు తిరిగి, పైన పలుచని మీగడవంటి తెర కట్టేది. మొట్టమొదట దాన్ని పట్టుకున్నది ఇస్త్రీ ఇల్లాలే. ఒకనాటి ఉదయం తెల్లచొక్కా ఒకటి పట్టుకుని వీధి దాటి వచ్చింది.

"బాబాయ్, నీ నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే చొక్కాకి చుక్కలు చుక్కలుగా పసుపు దిగుతోంది. బ్యాంకాయన చొక్కా ఇది. పెళ్ళికొడుకును చేశావేమిటే నన్నని అడుగుతాడు. ఏం చెప్పమంటావు?"

బాబాయి చొక్కా అందుకుని మరకను వేలితో రుద్ది చూశాడు. వేలికి సన్నని ఎర్రపొడి అంటింది. అతని ముఖం విప్పారింది.

"పిచ్చిదానా, ఇది తుప్పు. పాషాణాన్ని పట్టేది ఇదేగా! మందు నీళ్ళలోకి కూడ దిగుతోందన్నమాట. తాగే నీళ్ళకు ఇంకా మంచిది. చొక్కాలకు మటుకు పంపునీళ్ళు చల్లుకో."

"అంటే చొక్కాలకు విషం, మా కడుపులకు మందా? బాగుంది వరస!" అని నవ్వుతూ ఆమె వెళ్ళిపోయింది. ఆ మాట ఆమెకు హాస్యంగానే తోచింది. అతనికీ హాస్యంగానే తోచింది. ఆ సాయంత్రానికి 'పచ్చనీళ్ళు మంచివి' అన్న మాట వీధిలో ఇల్లిల్లూ తిరిగి, తల్లులు అడుగుబొట్టు కూడ వదలకుండా పిల్లలచేత తాగించసాగారు.

అక్క సంగతి వేరు. ఆమె ఈమధ్య లోహపు టోపీని వేలినుంచి తీయడం మానివేసింది. భోజనం చేసేటప్పుడు కూడ చెంచాతోనే, టోపీ వేలిని చాపి ఉంచుకుని, తినేది. పనిమీద ధ్యాస అంత గట్టిదని బాబాయి మురిసిపోయాడు. "నీ కిరీటం పెట్టుకునే నిద్రపోతున్నావేమిటక్కా?" అని పరిహాసమాడితే, ఆమె, "రాణిగారిని అలా అడక్కూడదురా," అని మాట తప్పించేది. దుకాణం మనిషి ఒకనాడు మూట విప్పి, రెండు చొక్కాలు పక్కకు తీసి పెట్టి వెళ్ళిపోయాడు. బాబాయి ఆ చొక్కాలను చేతిలోకి తీసుకుని చూస్తే, కాజా అంచున దారపుముడులు ఒకచోట ఎడంగా, ఒకచోట ఒకదానిమీదొకటి పడి, దారి తెలియనివాడి అడుగుల్లా ఉన్నాయి.

అతడు లేచి అక్క ముందు కూర్చున్నాడు.

"టోపీ తియ్యక్కా."

"ఇప్పుడెందుకురా, సూదిలో దారముంది."

"తియ్యి."

"నీకేమైనా పిచ్చా? వెళ్ళి నీ పని..."

బాబాయి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఊహ తెలిసిన తరువాత అక్క చెయ్యి అతడు బలవంతాన పట్టుకున్నది అదే మొదటిసారి. టోపీ తేలికగా రాలేదు. వచ్చినప్పుడు దానితోపాటు గుడ్డపీలిక వచ్చింది. గుడ్డపీలికతోపాటు వాసన వచ్చింది. వేలికొస నల్లబడి ఉన్నది. అరచెయ్యి తిప్పి చూస్తే, వేసవిలో మాయమైన పలుకులు రెట్టింపై లేచి ఉన్నవి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వానలు తగ్గాక. నెమ్మదిస్తుందిలే అనుకున్నాను." ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, తప్పు చేసిన పిల్లలా తల వంచుకున్నది. "నీ నీళ్ళు పనిచెయ్యలేదని అందరూ అంటార్రా. నీ మొహంలోకి మళ్ళీ ఇన్నాళ్ళకు కళ వచ్చింది. నేనెలా చెప్పను?"

బాబాయి లేచి వంటింటి మూలకు వెళ్ళాడు. కట్టు విప్పాడు. రబ్బరుపట్టా అంచుకు అంటుకుపోయి ఉంటే ఉలితో లేపాడు. మూత కదిలేసరికి లోపలినుంచి కుళ్ళిన గుడ్డు వాసన ఒక్కసారి ముఖానికి కొట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. కిటికీ తెరిచి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. పై ఇసుక తోడి పక్కన పోశాడు. కింద ఎర్రగా ఉండవలసినది ఎర్రగా లేదు. కాటుకవలె నల్లగా ఉన్నది. అంతేకాదు, తాను పరిచిన మందం కూడ లేదు. సగానికి దిగిపోయి ఉన్నది. చేతిలోకి తీసుకుంటే జారిపోయింది.

ఆ నలుపు అతడు ఎరగనిది కాదు. నెలల తరబడి మూతబిగించి ఉంచిన వెండిపీపాల అడుగున దాన్ని ఎన్నోమార్లు చూశాడు. గాలి తగలని తుప్పు తుప్పుగా నిలవదు. నల్లబడి, కరిగి, అద్దంలాంటి నీరై కిందికి దిగిపోతుంది. ఆ నీరు బయటికి వచ్చి గాలి తగిలిన తరువాత మళ్ళీ పసుపెక్కుతుంది. వెండిపనిలో దానివలన వచ్చే నష్టమేమీ లేదు గనుక ఎన్నడూ పట్టించుకోలేదు. వెండికి కావలసినది గాలిలేని పీపా. నీళ్ళకు కావలసినది గాలి ఆడే పీపా. ముప్ఫయ్యేళ్ళ చేతి అలవాటు ఈ రెండింటికీ మధ్యనున్న తేడాను అతని కంటబడనివ్వలేదు.

వేసవి అంతా పంపునుంచి వచ్చిన పాషాణాన్ని ఆ తుప్పు పట్టుకున్నది. నిజమే. పట్టుకుని ఎక్కడ పెట్టింది? తనలోనే. పట్టుకున్న చెయ్యే కరిగిపోతే, ఆ పిడికిట్లో ఉన్నది ఎక్కడికి పోతుంది?

కుళాయి కింద పెట్టి ఉన్న గ్లాసు వైపు అతని చూపు మళ్ళింది. అందులో నీరు తేటగా, కదలకుండా ఉన్నది. బాబాయి దాన్ని సీసాలో పోసుకుని బయలుదేరాడు.

పరీక్షాఫీసులో ఆయన ఈసారి ఎక్కువసేపు చూడలేదు. కాగితం తగిలించిన కొద్దిసేపటికే ముదురు గోధుమరంగు దాటి నల్లదనానికి తిరిగింది. పక్కన పంపునీటి కాగితం పెట్టి చూస్తే అదే లేతగా కనబడింది.

"ఇవి పంపునీళ్ళకంటే ఎక్కువండీ," అన్నాడు ఆయన నెమ్మదిగా. "చాలా ఎక్కువ. నిలవ ఉంచొద్దని చెప్పానుగా?"

"దోమల గురించనుకున్నాను బాబూ. అందుకే గాలి దూరకుండా మూతేశాను."

ఆయన కాగితాన్ని బల్లమీద పెట్టి, కళ్ళద్దాలు తీశాడు. "ఎందుకొద్దో నేను చెప్పలేదు," అన్నాడు. "ఎవరెవరు తాగుతున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి బాబాయి అక్కడ నిలవలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉలి చేతపట్టుకుని వీధిలోకి వచ్చి, మొదటి ఇంటి వంటగదిలోకి అడిగీ అడక్కుండానే చొరబడి, కట్టు విప్పసాగాడు. ఆ ఇంటి పెద్దావిడ అడ్డం వచ్చి, "మూత తియ్యొద్దని నువ్వేగా మొత్తుకున్నావు బాబాయ్! ఇప్పుడు ఎండకు నీకేమైనా తిరిగిందా?" అన్నది. అతడు చెప్పబోయాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడి, 'తుప్పు', 'నలుపు', 'పాషాణం' అని విడివిడిగా వచ్చాయి. మూత లేచి వాసన గది నిండినప్పుడు మాత్రం ఇక చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, అందులోని నీరు దొడ్లో పారబోయబోయి, ఎక్కడ పొయ్యాలో తెలియక, గిన్నె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

ప్రతి ఇంటా అదే వాసన, అదే నలుపు. కొందరు తిట్టారు. ఒకాయన గొంతు పెంచకుండా, "మా పిల్లలచేత అడుగుబొట్టుదాకా తాగించావు కదయ్యా," అన్నాడు. తిట్టినవాళ్ళే నయమనిపించింది. ఇస్త్రీ ఇంటికి వెళ్ళినప్పుడు ఇల్లాలు తానే పీపాను అడ్డంగా వంచి మూత తీయడానికి సాయపడింది. ఒక్క హాస్యమూ ఆడలేదు.

మరునాడు పొద్దున్నే అక్కను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. తోడుగా ఇస్త్రీ ఇల్లాలు వచ్చింది. డాక్టరమ్మ వేలిని ఇటూ అటూ ఒత్తి, "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ? ఇక్కడ?" అని అడుగుతూ కొసనుంచి మొదలుకు వచ్చింది. అక్క దేనికీ తల ఊపలేదు. మొదలు దాటి అరచేతిలో నొక్కినప్పుడు మాత్రం చిన్నగా మూలిగింది.

"నీళ్ళు మార్చలేదా?" అన్నది డాక్టరమ్మ.

"మార్చామమ్మా, అన్నీ చెప్పినట్టే చేశాం. నా ఒంటితత్వమే అంత," అన్నది అక్క, తమ్ముడికంటె ముందే అందుకుని.

"కాదండీ," అన్నాడు బాబాయి. "నేను పట్టిచ్చిన నీళ్ళు. పంపువాటికంటే చెడ్డవి. వానలు తగ్గినప్పట్నుంచీ అవే తాగింది." ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

డాక్టరమ్మ అతని ముఖంలోకి చూసింది, కోపగించలేదు. "మంచిపని చేశారు చెప్పి. లేకపోతే ఒంటిగుణమనుకుని ఇంకో నెల మందులు రాసేదాన్ని," అని, "ఈవేళే తీసెయ్యాలి. వేలుతో ఆగుతుందా, అరచెయ్యి కూడ పోతుందా అన్నది కోసి చూస్తేగాని తెలీదు," అన్నది.

అక్కను లోపలికి తీసుకువెళ్ళేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి, "ఏడవకురా. నీకు అన్నం పెట్టిన చెయ్యే కదా, అంత తొందరగా ఎక్కడికీ పోదు," అన్నది. తలుపు మూసుకున్నది.

నడవాలో బల్ల మీద బాబాయి, ఇస్త్రీ ఇల్లాలు ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఎక్కడో నేల తుడుస్తున్న బకెట్టు చప్పుడు దగ్గరగా వచ్చి, దూరంగా పోయింది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఆమె, తల ఎత్తకుండానే, "బాబాయ్, ఒక మాటడుగుతాను, నిజం చెప్తావా?" అన్నది.

"అడుగమ్మా."

ఆమె కుడిచెయ్యి ఒడిలోంచి తీసి అతని ముందు తెరిచింది. "ఇది పెట్టె పట్టుకుని కాసిన కాయేగా?"

బాబాయి వంగి చూశాడు. వేళ్ళ మొదళ్ళలో, ఇస్త్రీపెట్టె పిడి ఏళ్ళ తరబడి ఒరుసుకున్న చోట, చర్మం మందంగా, పచ్చగా, నునుపుగా ఉన్నది. అది పని తెచ్చిన కాయ. అందులో సందేహం లేదు. కాని ఆమె బొటనవేలు చూపుతున్నది దాన్ని కాదు. అరచేతి గుంటలో ఇసుకరేణువుల్లా ఉన్నవాటిని. అవునని ఒక్కమాట అంటే ఆమె ఈ రాత్రి నిద్రపోతుంది. వీధిలో ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పే మనిషికి ఆ ఒక్కమాట నోటికి రాలేదు.

"ఏం మాట్లాడవేం?" అన్నది ఆమె. నవ్వబోయి మానుకున్నది.

తలుపు తెరుచుకున్నది. డాక్టరమ్మ చేతితొడుగులు విప్పుకుంటూ బయటికి వచ్చి, "వేలు తీసేశాం. అరచెయ్యి మిగిలింది, ప్రస్తుతానికి. మెలకువ రావడానికి ఇంకాస్సేపు పడుతుంది," అన్నది. బాబాయి లేచి చేతులు జోడించబోయాడు. ఆమె అతన్ని చూడటం లేదు. బల్ల మీద ఇంకా తెరిచే ఉన్న చేతి వైపు చూస్తున్నది.

కిందికి వంగి, ఆ అరచేతి గుంటలో బొటనవేలితో నెమ్మదిగా రాసి చూసింది. రెండోసారి రాసి చూసింది.

"ఆ ఎడమచెయ్యి కూడ చూపించమ్మా," అన్నది.